సిస్టరమ్మ చింతపిక్కలు

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫొటో నా టేబుల్ మీదకి వచ్చింది. తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో నేను డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఎలక్షన్ కరపత్రాలు, దినం కార్డులు, ఏవైనా నా చేతుల మీదుగానే పోతాయి. ఆ రోజు వచ్చింది ఆదరణ కూడిక కార్డు, క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయాక పెట్టే ప్రార్థనకి పిలుపు. రేపల్లె నుంచి ఆవిడ మేనకోడలు తెచ్చింది. "కళ్ల కింద గీతలు కొంచెం తీసెయ్యండక్కా. ఫొటోలో మరీ పెద్దావిడలాగా ఉంది" అంది. సరేనన్నాను. ఆ అమ్మాయి వెళ్లాక ఫొటోని స్క్రీన్ మీద పెద్దది చేసి చాలాసేపు చూశాను. గీతలు తియ్యలేదు. ఒక్కటి కూడా తియ్యలేదు. మా ఆయన అంతగా మెచ్చుకున్న మొహం, ఉన్నదున్నట్టుగా ఊరంతా చూడనీ అనుకున్నాను.

పోయిన మనిషి మీద ఈ కుళ్లేంటని మీరు అనుకోవచ్చు. అందులోనూ ఆవిడకి డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. కళ్లజోడు లేకపోతే చూపు ఆనదు, మోకాళ్లు వంగవు. నేనింకా పేరంటానికి వెళ్తే నలుగురూ చీర ఎక్కడ కొన్నావని అడిగే వయసులోనే ఉన్నాను. అయినా కుళ్లుకున్నాను. ఆవిడ బతికున్నన్నాళ్లూ కుళ్లుకున్నాను, ఇప్పుడూ కుళ్లుకుంటున్నాను. దాచుకోవాల్సిన అవసరం నాకేమీ కనిపించడం లేదు.

ఆవిడ పేరు ఆ కార్డు మీద పెద్దక్షరాల్లో నేనే కొట్టాను కాబట్టి ఇక్కడ మళ్లీ రాయను. నర్సుగా చేసి రిటైరైంది. వీధంతా సిస్టరమ్మ అని పిలిచేవాళ్లు. నేను మాత్రం ఏ పిలుపూ లేకుండా 'మీరు'తోనే సరిపెట్టేదాన్ని. మా ఆయన పనిచేసే ఎరువుల కంపెనీ ఆఫీసు రేపల్లెలో ఆవిడ ఇంటి కింది వాటాలోనే ఉంది. పై వాటాలో ఆవిడ ఒక్కతే ఉండేది. మేడ మెట్లెక్కగానే పొడుగాటి వరండా, వరండా చివర టీవీ, టీవీ ఎదురుగా ఆవిడ పేము కుర్చీ. ఆ వరండాలోనే నా కాపురం నిలబడింది. ఆ మాట రాయడానికి నాకు ఒళ్లు మండుతోంది, కానీ రాయకపోతే తక్కినదేదీ మీకు అర్థం కాదు.

మా ఆయనకి తాగుడు లేదు, సిగరెట్టు లేదు. ఉన్నదల్లా ఫోను. అందులో క్రికెట్ పందేలు. ఎవరు గెలుస్తారు, ఈ ఓవర్లో ఎన్ని పరుగులు, తర్వాతి వికెట్టు ఎవరిది, అన్నిటి మీదా పందెమే. నా గాజులు రెండుసార్లు తాకట్టుకెళ్లి బ్యాంకు లాకరు చూసొచ్చాయి, నేను పెట్టిన లాకరు కాదు. మా అమ్మాయి తల మీద చెయ్యేసి ఒట్టుపెట్టాడు. నేను ఏడ్చాను, అరిచాను, మాట్లాడటం మానేశాను, బాపట్లలో మా అమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఎప్పుడు అడిగినా ఆయన చెప్పే మాట ఒక్కటే, "మానేశాను". ఆ మాటకి అసలు అర్థం 'ఇప్పుడే వేసొచ్చాను' అని నాకు త్వరలోనే తెలిసిపోయింది.

అలాంటి మనిషి మూడేళ్ల కిందట వేసవి మ్యాచీలప్పుడు ఆదివారాలు కూడా రేపల్లె వెళ్లడం మొదలుపెట్టాడు. ఆఫీసు పనేమో అనుకున్నాను. పని కాదు. సిస్టరమ్మ వరండాలో చింతపిక్కల పందెం.

ఆ పందెం పద్ధతి మా ఆయన నోటి మీదుగా విని విని నాకు వచ్చేసింది. మ్యాచీల సీజను మొదలయ్యే రోజు ఆవిడ ఆటకొచ్చిన వాళ్లకి తలా ఒక స్టీలు గిన్నె ఇచ్చి, గిన్నె నిండా చింతపిక్కలు పోస్తుంది. సీజను మొత్తానికి అవే. మళ్లీ పొయ్యదు. ఒకరికొకరు అప్పివ్వకూడదు. టాసు వెయ్యకముందే ఎవరి మీద ఎన్ని పిక్కలో చాప మీద పెట్టెయ్యాలి. పెట్టి, ఎందుకు పెడుతున్నారో కారణం అందరికీ వినబడేట్టు చెప్పాలి. మ్యాచి అయ్యాక, ఓడినవాళ్లు ముందు చెప్పిన కారణాన్ని అక్షరం మార్చకుండా మళ్లీ చెప్పాలి. గిన్నె ఖాళీ అయినవాళ్లు మానేసి వెళ్లకూడదు. సీజను అయ్యేదాకా వచ్చి, పందెం వెయ్యకుండా కూర్చుని, తక్కినవాళ్లకి టీ పెట్టాలి. పగటి మ్యాచీలకే ఈ ఆట. చీకటి పడితే ఆవిడ టీవీ కట్టేసి అందరినీ పంపించేసేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆ గుడి చీరతోనే కుర్చీలో కూర్చునేది. తెల్ల చీర, సన్న అంచు, ఎడం చేతికి పోయిన భర్తది పెద్ద మగవాచీ. ఆట మొదలయ్యే ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేది. ఎవరు గెలవాలని చేశారండీ అని ఎవరో అడిగితే, "అట్టా అడక్కూడదు నాయనా. రెండు పక్కలా అడిగేవాళ్లుంటారు, ఆయనకి ఇబ్బంది" అందట. వాళ్ల పాస్టరుగారికి ఈ సంగతి తెలిసి ఇంటికొచ్చి మందలించబోతే, "డబ్బు కాదయ్యగారూ, చింతపిక్కలు. మీరూ ఒక గుప్పెడు పెట్టండి" అని చాప చూపించిందట. ఆయన పెట్టాడనీ, ఓడాడనీ, నవ్వుకుంటూ వెళ్లిపోయాడనీ మా ఆయన చెప్పాడు. ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఆవిడ గురించి మా ఆయన చెప్పేటప్పుడు కొంచెం కలిపే చెప్పేవాడు.

ఆవిడకి క్రికెట్టంటే ప్రాణం గానీ పందెం కట్టడం ఏమాత్రం రాదు. టీవీలో ఆటగాళ్ల మొహాలు చూసి రోగాలు చెప్పేది. "ఆ పిల్లాడు సరిగ్గా నిద్రపోలేదు, కళ్లు చూడు. ఇయ్యాళ ఆడలేడు" అని వాడికి ఎదురు పెడితే వాడు సెంచరీ కొట్టేవాడు. ఒక జట్టు కెప్టెన్ క్యాచీ వదిలేసిన కుర్రాడి భుజం తట్టాడని ఆ సీజనంతా ఆ జట్టు మీదే పెట్టి గిన్నె సగం పోగొట్టుకుంది. అందరిలాగే ఆవిడా ఓడాక నిటారుగా కూర్చుని కారణం మళ్లీ చెప్పేది, "క్యాచీ వదిలేసినా కోప్పడలేదు కాబట్టి పెట్టాను" అని. ఎవరూ నవ్వేవాళ్లు కాదట.

ఇంకొకటుంది. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఎవరైనా పిక్కలు ఎక్కువ పెట్టబోతే ఆవిడ వాళ్ల చెయ్యి పట్టుకుని, వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టేది. నాడి పరుగెడుతుంటే చెయ్యి వదిలేసి, "ఈ పందెం నువ్వు వెయ్యట్లేదు అబ్బాయ్, నీ నాడి వేస్తోంది. పోయి మంచినీళ్లు తాగిరా. వచ్చాక కూడా ఇంతే పెడతానంటే పెట్టు" అనేది. మా ఆయన ఇది మురిసిపోతూ చెప్పాడు. ఎక్కడ పట్టుకుంటుందో, ఎంతసేపు పట్టుకుంటుందో కూడా తన చెయ్యి తనే పట్టుకుని చూపించాడు. పెళ్లయి పదహారేళ్లు. నేను చెయ్యి పట్టుకుంటే చెమట అని లాక్కునే మనిషి.

"అంత బాగుంటే ఆవిడనే వచ్చి మీకు వండి పెట్టమనండి" అన్నాను.

"ఆవిడ వంట చెయ్యదే. కేరేజీ తెప్పించుకుంటుంది" అన్నాడు, అదేదో నా ప్రశ్నకి జవాబైనట్టు.

అప్పటినుంచి మా ఇంట్లో ప్రతి ముద్దకీ ఆవిడ ప్రస్తావనే. సిస్టరమ్మ అల్లం టీ ఇలా పెడుతుంది, సిస్టరమ్మ ఈ మాట అంది. నాక్కూడా పౌరుషమొచ్చి గోంగూర పచ్చడి చేసి సీసాకెత్తి ఆయన చేత పంపించాను. మా బాపట్ల వైపు చేసినట్టు, ఉల్లిపాయ నంజుకునేట్టు. ఆ సాయంత్రం ఖాళీ సీసా కడిగి, తుడిచి తిరిగొచ్చింది. "ఏమందేంటి?" అని అడిగాను. "చాలా బాగుందంది. ఉప్పు ఒక పిసరు తగ్గిందంది" అన్నాడు. ఉప్పు తగ్గలేదు. నేను చేసిన గోంగూరలో ఉప్పు తగ్గిందని అంతకుముందు ఎవరూ అనలేదు.

ఇక మా ఆయన ఆట. ఆయనకి ఫోన్లో చదివి నేర్చుకున్న ఒక ఎత్తు ఉండేది. ఓడినప్పుడల్లా తర్వాతి పందెం రెట్టింపు వెయ్యాలి, ఎప్పటికో ఒకసారి గెలుస్తాం, పోయినదంతా ఒక్క దెబ్బతో వెనక్కొస్తుంది అని. నా గాజులు బ్యాంకుకి వెళ్లింది ఈ ఎత్తు మీదే అని నాకు తర్వాత తెలిసింది. వరండాలో కూడా అదే వేశాడు. అదే కారణంగా పైకి చెప్పాడు. కొన్ని ఆదివారాలు తిరిగేసరికి గిన్నె అడుగు కనబడింది. ఫోన్లో అయితే అంకెలు అటూ ఇటూ అవుతాయి తప్ప ఏం పోయిందో కంటికి ఆనదు. ఇక్కడ అలా కాదు, గిన్నె కదిపితే చప్పుడు కూడా రావడం లేదు. ఆవిడ గిన్నెలోకి తొంగి చూసి, "ఆ ఎప్పటికో వచ్చేదాకా గిన్నెలో పిక్కలుండాలి కదా అబ్బాయ్" అందట.

ఆ వారంలోనే మా ఇంట్లో ఒక వింత జరిగింది. కొత్త చింతపండు వచ్చే రోజులు. ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, పిక్కలు, ఈనెలు తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తుతాం. నాలుగైదు రోజులు నడుం పడిపోయే పని. ఆ శనివారం నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి మా ఆయన హాల్లో పేపరు పరుచుకుని, లుంగీ ఎగ్గట్టి, చింతపండులో పిక్కలు తీస్తున్నాడు. మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తను ముంచుకోని మనిషి! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "మీకెందుకండీ ఈ పని" అన్నాను. "నువ్వొక్కదానివే ఎంతకని చేస్తావ్" అన్నాడు. ఆ మాట నాకు చెవుల్లో అమృతం పోసినట్టుంది. వంటింట్లోకెళ్లి బాపట్ల మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. "మారాడే అమ్మా, మీ అల్లుడు మారాడు" అన్నాను. మా అమ్మ కూడా ఫోన్లో ముక్కు చీదింది.

మర్నాడు పొద్దున్న ఆయన ప్యాంటు ఉతికే బట్టల్లో వెయ్యబోతూ జేబులో చెయ్యి పెడితే గుప్పెడు చింతపిక్కలు దొరికాయి. రెండో జేబులోనూ ఉన్నాయి. ఇవి నేను పారేద్దామని చేటలో పెట్టిన పిక్కలే. ఏంటివి అని అడిగితే, "ఊరికే" అని లాక్కుని, ఇంకో ప్యాంటు వేసుకుని, అవి అందులో పోసుకుని రైలుకి వెళ్లిపోయాడు. అప్పుడర్థమైంది నాకు, పిక్కలు తీసిపెట్టింది నా నడుం కోసం కాదని. మా అమ్మకి చెప్పినందుకే ఎక్కువ కడుపు మండింది. అమ్మాయిని పక్కింట్లో వదిలేసి తర్వాతి రైలెక్కాను.

నేను మేడ మెట్లెక్కేసరికి వరండా చాప చుట్టూ నలుగురైదుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. మా ఆయన గోడవైపు. నన్ను చూడగానే ఆయన మొహంలో రంగు పోయింది. నేను ఆవిడతో పోట్లాడటానికే వెళ్లాను. రైల్లో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసి, "గోంగూర అమ్మాయివి నువ్వే కదూ. రామ్మా" అంది. దగ్గరికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుందామంటే ఆ పట్టు వదల్లేదు. వాచీ చూసి, "గుర్రంలా పోతోంది. ముందు కూర్చో. మంచినీళ్లు తాగాక ఏం అడగాలంటే అది అడుగు" అంది. నేను కూర్చున్నాను. పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

టాసుకి ముందు మా ఆయన వంతు వచ్చింది. గిన్నెలోంచి పెద్ద గుప్పెడు తీసి చాప మీద పెట్టాడు. ఆవిడ ఆ కుప్పలోంచి ఒక పిక్క తీసి అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలితో రాసింది. తర్వాత, నేను ఎప్పటికీ మర్చిపోలేను, దాన్ని నాలిక చివర ఆనించింది.

"పుల్లగా ఉంది అబ్బాయ్" అంది.

ఆవిడ పిక్కలు ఏళ్ల తరబడి చేతులు మారి నున్నగా, నల్లగా మెరుస్తుంటాయి. ఇవి నిన్న మా హాల్లో తీసినవి, గుజ్జు ఇంకా అంటుకునే ఉంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెండింటికంటే ఎక్కువగా సిగ్గేసింది. ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ చెట్ల కింద దొరికే పిక్కలు. దేనికీ పనికిరాని పిక్కలు. వాటికోసం నా మొగుడు దొంగతనం చేశాడు.

"చింతపిక్కలకే ఇంత పని చేశావంటే, డబ్బుకి ఏం చేసుంటావో నాకు చెప్పక్కర్లా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు మా ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని, "ఆపలేకపోతున్నానండీ. ఫోన్లో కూడా. ఆపుదామనుకుంటాను, ఆపలేకపోతున్నాను" అని ఏడ్చాడు.

నేనక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో చేతిలో మంచినీళ్ల గ్లాసుతో కూర్చుని ఉన్నాను. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని ఏళ్లుగా ఎదురుచూశానో ఆయనకి తెలుసు. నాకెప్పుడూ 'మానేశాను' అనే చెప్పాడు. 'ఆపలేకపోతున్నాను' అన్నది ఆవిడకి. నా వైపు చూసి కూడా కాదు, ఆవిడ కాళ్ల వైపు చూసి. ఆ క్షణంలో నాకు మా ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. ఆవిడ మీద అసూయ పుట్టింది. నాదైనదంతా ఆవిడ చేతిలోకి ఎలా వెళ్లిపోయిందా అనిపించింది.

"సరే. చెప్పావుగా. గిన్నె ఇలా ఇచ్చి, పోయి టీ పెట్టు" అంది ఆవిడ. మా ఆయన లేచి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి టీ పెట్టాడు. అల్లం దంచిన చప్పుడు కూడా వినిపించింది. మా ఇంట్లో అల్లం ఏ డబ్బాలో ఉంటుందో ఆయనకి తెలియదు. నాకూ ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాడు. బాగుంది. బాగుండటం ఇంకా కోపం తెప్పించింది.

ఆ సీజను చివరిదాకా ఆయన ఖాళీ చేతులతో కూర్చుని టీ పెట్టాడు. ఫోన్లో వెయ్యాలనిపించినప్పుడల్లా కింది వాటా నుంచి పైకెళ్లి ఆవిడకి చెప్పేవాడట, ఇవాళ వెయ్యాలనిపిస్తోందండీ అని. ఒక్కోసారి వేసొచ్చి కూడా చెప్పేవాడట. ఆవిడ తిట్టేది కాదు, పొగిడేది కాదు. "ఊఁ. కారణం ఏం చెప్పుకున్నావ్?" అని అడిగేదట. ఆ కారణం పైకి చెప్తుంటే తనకే నవ్వొచ్చేదని మా ఆయన అన్నాడు. మెల్లగా వెయ్యడం తగ్గింది. తర్వాతి ఏడు గిన్నె ఖాళీ కాలేదు. నా గాజులు నా చేతికే ఉన్నాయి. చుట్టాలందరూ నా ఓపికని మెచ్చుకున్నారు. అవునండీ, అవునండీ అన్నాను.

నేనొక్కదాన్నే మరోసారి రేపల్లె వెళ్లాను. ఆఫీసుకి సెలవు, మ్యాచి లేదు, మా ఆయన ఊళ్లో లేడు. మళ్లీ గోంగూర తీసుకెళ్లాను, ఉప్పు చూసి మరీ కలిపాను. ఆవిడ చాప మీద పిక్కలు ఆరబెట్టుకుంటోంది. కడిగిన పిక్కల్ని గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తోంది. నేను సూటిగానే అడిగాను.

"మా ఆయన నాకు చెప్పనివి మీకెందుకు చెప్తాడండీ? నేనేం తక్కువ చేశాను?"

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నువ్వేం తక్కువ చెయ్యలేదమ్మా. అతను చెడిపోతే నాకేం పోద్ది? ఏం పోదు. రేపు కింద ఇంకో ఆఫీసు వస్తది. నీకైతే అంతా పోద్ది. నాతో చెప్పడం అతనికి పిక్కలాట. నీతో చెప్పడం అసలు పందెం. భయం ఉండదూ?" అంది.

"అయితే నాకు ఎప్పటికీ చెప్పడా?"

"ఇక్కడ అలవాటైతే అక్కడా చెప్తాడేమో. నేను మాటివ్వను. నా పందేలు నీకు తెలుసుగా, అన్నీ పోతాయి."

ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మొగుడు నాతో నిజం చెప్పడానికి ఈవిడ దగ్గర ప్రాక్టీసు చెయ్యాలా అనిపించింది. ఒప్పుకుని కూర్చోవడానికి నాకంత పెద్దమనసు లేదు. వచ్చేటప్పుడు అడిగాను, ఇదంతా మీరెందుకు పెట్టుకున్నారండీ, మీ ఇంట్లో ఎవరైనా ఇలా పాడయ్యారా అని. దాని గురించి మా ఆయన ఒక కథ చెప్పాడు, ఆఫీసు వాచ్‌మన్ ఇంకోటి చెప్పాడు. ఆవిడ మాత్రం, "నాకు మ్యాచి ఒక్కదాన్నే కూర్చుని చూడాలంటే విసుగమ్మా" అంది. గోంగూర సంగతి ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. ఈసారి ఉప్పు ఎక్కువైందట.

ఈ ఏడు సీజను మొదలవకముందే ఆవిడ పోయింది. రెండు రోజులు ఆయాసపడి, మూడో రోజు మధ్యాహ్నం కుర్చీలోనే. భూస్థాపనకి మా ఆయన వెళ్లాడు. నేను వెళ్లలేదు, ప్రెస్సులో పని ఉందన్నాను. తిరిగొచ్చి ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను పోతే ఇంత చేస్తాడా అని లెక్కలు వేసుకున్నాను. తర్వాతే ఆ ఫొటో నా టేబుల్ మీదకి రావడం, నేను గీతలు తియ్యకపోవడం. మేనకోడలికి కార్డు చూపిస్తే, "అయ్యో, అచ్చం మా అత్తలాగే ఉందక్కా" అని కళ్లు తుడుచుకుంది. నాకు దక్కాల్సిన తిట్టు కూడా దక్కలేదు.

వేసవి మ్యాచీలు మొదలయ్యాయి. నాకు గుండెల్లో రాయి పడింది. వరండా లేదు, ఆవిడ లేదు, ఫోను మాత్రం జేబులో ఉంది. మొదటి ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని ట్యూషన్‌కి పంపించి, హాల్లో చాప వేసి, కొత్త చింతపిక్కలు కడిగి తుడిచి రెండు గిన్నెల్లో పోసి పెట్టాను. నాడి చూడటం నాకు చేతకాదు కాబట్టి ఆ జోలికి పోలేదు. మా ఆయన వచ్చి చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటే ఇది?"

"కూర్చోండి. టాసు వెయ్యబోతున్నారు."

కూర్చున్నాడు. "నువ్వు పసుపు చొక్కాల వాళ్లని తీసుకో. నేను వీళ్ల మీద పెడతా" అని గిన్నెలోంచి సగం పైగా తీసి చాప మీద పోశాడు. కారణం చెప్పండి అన్నాను. "ఊరికే. వీళ్ల జెర్సీ బాగుందిగా" అన్నాడు.

నాకు క్రికెట్ రాదు గానీ చెవులున్నాయి. ఆ పొద్దున్నే ఎవరితోనో ఫోన్లో అన్నాడు, వీళ్లకి ఈసారి బౌలర్లిద్దరికీ దెబ్బలు, గెలిచే ప్రసక్తే లేదని. కావాలని ఓడిపోతున్నాడు. చిన్నపిల్లకి ఆటలో వదిలేసినట్టు నాకు వదిలేస్తున్నాడు.

"ఆవిడ దగ్గర కూడా ఇలాగే ఆడారా?" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆవిడ దగ్గర గెలవాలని పిక్కలు దొంగతనం చేశారు. నా దగ్గర ఓడిపోతే సరిపోతుందా? నాకు అబద్ధం చెప్పకుండా మీరు ఒక్క పనీ చెయ్యలేరా?"

ఆయన తలొంచుకుని చాప మీద పిక్కల్ని వేలితో వరసగా పేర్చాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు, "ఆవిడ భూస్థాపన అయ్యాక, రైల్లో వస్తూ ఆ పందేల యాప్ మళ్లీ ఫోన్లో పెట్టుకున్నాను. ఒకసారి వేశాను. ఇంకా ఉంది."

ఎంత అని నేను అడగలేదు. నోటిదాకా ఎన్నో వచ్చాయి.

"ఇప్పుడు నాకెందుకు చెప్తున్నారు?"

"ఇంకెవరికి చెప్పను?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆవిడ ఉండి ఉంటే పొద్దున్నే మేడ మెట్లెక్కి ఆవిడకి చెప్పేవాడు. ఆవిడ లేదు కాబట్టి ఆ మాట నా దగ్గరికి వచ్చింది. ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టాడు. ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకున్నాను. ఏ ఖాళీలో అయితేనేం, చెప్పింది మాత్రం నాకు. భయపడుతూ, నేనేం చేస్తానో తెలియకుండా, పోయేదంతా ఎదురుగా కూర్చుని ఉండగా చెప్పాడు.

తీసెయ్యండి అన్నాను. నా ఎదురుగానే ఫోన్లోంచి తీసేశాడు. అంతకుముందు కూడా ఎన్నోసార్లు నా ఎదురుగానే తీసేశాడు కాబట్టి దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. ఈసారి నేను పట్టుకోకుండానే చెప్పాడు. దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకున్నాను.

"ఆ పిక్కలు వెనక్కి తీసి గిన్నెలో వేసుకోండి. మీకు నిజంగా ఎవరు గెలుస్తారనిపిస్తుందో వాళ్ల మీద, నిజంగా ఎన్ని పెట్టాలనిపిస్తే అన్ని పెట్టండి. కారణం గట్టిగా చెప్పండి. నేను వింటాను" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, బౌలర్ల దెబ్బల సంగతి, పిచ్ సంగతి, ఎండ సంగతి, అన్నీ వరసగా చెప్పాడు. నాకు సగం అర్థం కాలేదు. పసుపు చొక్కాల మీద పెట్టాడు, నేనూ ఒక కారణం చెప్పి రెండో వాళ్ల మీద పెట్టాను. సాయంత్రానికి నా గిన్నెలో సగం ఆయన గిన్నెలోకి పోయాయి. నేను నిటారుగా కూర్చుని నా కారణం మళ్లీ చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన చేతిలో మొదటిసారి నిజాయితీగా ఓడిపోయాను. సిస్టరమ్మ ఒక్కసారి లేచి వచ్చి, మా గుమ్మంలో నిలబడి, మమ్మల్ని చూసి కుళ్లుకుంటే బాగుండుననిపించింది.